నోటీసు మహారాజు

మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల్లో అతన్ని గుర్తుపట్టడం తేలిక. పదకొండింటికి తాపీగా వస్తాడు. కాఫీ మిషన్ దగ్గర ఆగితే అరగంటకు గానీ కదలడు. మేనేజరు ఎదురైతే ముందు పలకరించేది మేనేజరే. మొన్న అప్రైజల్ రోజున ఇతని పేరు కూడా తప్పు పలికిన పెద్దమనిషి ఇప్పుడు 'భోంచేశావా' అని అడుగుతున్నాడు. మధ్యలో జరిగింది ఒక్కటే. మనవాడు పేపర్ పెట్టాడు.

సర్వీసెస్ కంపెనీలో మనిషికి విలువ వచ్చేది పోతానన్నాకే. రెండేళ్ళు రాత్రనక పగలనక క్లయింటుకు చాకిరీ చేస్తే దక్కింది ఆరు శాతం హైకు, 'ఈసారి బడ్జెట్ లేదు బ్రో' అనే ఓదార్పు. రాజీనామా మెయిల్ వెళ్ళిన గంటలో ఆ బడ్జెట్ ఎక్కణ్ణుంచో ఊడిపడింది. ఆన్‌సైట్‌కు కూడా 'నీ పేరే అనుకుంటున్నాం' అన్నారు. ముందు అమెరికావాళ్ళు వీసా లాటరీ తీయాలి, అందులో మనవాడి పేరు రావాలి, ఆపైన చిలుకూరు బాలాజీ కరుణించాలి. ఆ ముక్కలు మాత్రం మేనేజరు మింగేశాడు. పాపం, ఆయన్నీ అనలేం. క్లయింటుకు బిల్లు తలల లెక్కన వెళుతుంది. ఒక కుర్చీ ఖాళీ అయితే ఆ నెల ఆయన ఎక్సెల్ షీటు ఎర్రబడుతుంది. ఆయన ఆరా తీసేది మనవాడి కడుపు గురించి కాదు, ఆ కుర్చీ గురించి.

నోటీసు 90 రోజులు. తమ మనిషిని మూడు నెలలు కదలనివ్వని కంపెనీలే, పక్క కంపెనీ మనిషి మాత్రం రేపొద్దున్నే వచ్చి చేరాలంటాయి. ఈ చిక్కును మనవాడు ధైర్యంగా విప్పాడు. చేతిలో ఒక్క ఆఫరూ లేకుండా రాజీనామా చేసి, తర్వాత వెతకడం మొదలుపెట్టాడు. ఇంట్లో చెప్పలేదు. చేరిన బ్యాంకులోనే రిటైరైన నాన్నకు ఈ విద్య ఎక్కదు. నౌకరీలో ప్రొఫైల్ మార్చి నోటీసులో ఉన్నట్టు పెట్టగానే బెంగళూరు, పుణె, నోయిడాల నుంచి ఫోన్లే ఫోన్లు. మొదటి ఆఫర్ చూపించి రెండోది, రెండోది చూపించి మూడోది. ఈ వేలంలో సరుకూ అతనే, పాట పెంచేదీ అతనే.

ఇంటర్వ్యూలు సెల్లార్ పార్కింగ్‌లో, కార్లోనే. ఒక చెవిలో స్టాండప్ కాల్, రెండో చెవిలో ఇంటర్వ్యూ. ఓసారి చెవులు తారుమారై, జావా ప్రశ్న అడిగినాయనకు 'నా వైపు నుంచి బ్లాకర్స్ ఏమీ లేవు' అని జవాబిచ్చాడు. ఆ రౌండూ పాసయ్యాడు.

ఆఫర్ లెటర్ చదవడంలో మాత్రం మహా పండితుడు. సీటీసీ అంకె చూసి మురిసిపోయే ఫ్రెషర్లను పక్కన కూర్చోబెట్టుకుని పాఠం చెబుతాడు. "కంపెనీ కట్టే పీఎఫ్ కూడా ఇందులోనే కలిపేశారు తమ్ముడూ. వేరియబుల్ దేవుడి దయ. ఇదిగో ఈ గ్రాట్యుటీ చూడు, బేసిక్‌లో 4.81 శాతం!" 1972లో చట్టం వచ్చిన నాటి నుంచీ పర్మినెంటు ఉద్యోగికి ఆ డబ్బు ముట్టాలంటే ఒకేచోట ఐదేళ్ళు ఉండాలి. మనవాడు ఎక్కడా మూడేళ్ళు దాటలేదు. ఇన్ని కంపెనీలూ కాగితం మీద ఇచ్చి చేతికి ఇవ్వని గ్రాట్యుటీతో ఈపాటికి శంకర్‌పల్లిలో ప్లాటు కొనేవాణ్ణని అతని లెక్క. ఎన్ని కంపెనీలని అడిగితే నవ్వి ఊరుకుంటాడు. యూఏఎన్ నంబరు మాత్రం ఊరుకోదు. ఎక్కడ ఎన్నాళ్ళున్నాడో పీఎఫ్ ఖాతా పూసగుచ్చినట్టు చెప్పేస్తుంది.

ఇక మిగిలింది కేటీ. తన పనంతా ఒక ఫ్రెషర్ కుర్రాడికి నేర్పి వెళ్ళాలి. టీమ్స్‌లో రోజూ గంట, రికార్డింగ్‌తో సహా. మనవాడు స్క్రీన్ షేర్ చేసి, ఏ బ్యాచ్ జాబ్ రాత్రి ఎన్నింటికి పడుకుంటుందో, దాన్ని ఎలా లేపాలో చెబుతుంటాడు. కుర్రాడు మ్యూట్‌లో ఉంటాడు. చివర్లో 'డౌట్లేమైనా ఉన్నాయా' అంటే మ్యూట్ తీస్తాడు. "ఒక్కటే అన్నా. రికార్డింగ్ ఆపుతారా? ఎంత శాతం ఇచ్చారు?"

ఆఖరి రోజున కేకు కోశారు. ల్యాప్‌టాప్ అప్పగించి, రిలీవింగ్ లెటర్ పుచ్చుకుని, మనవాడు రోడ్డు దాటి ఎదురు బిల్డింగులో చేరాడు. నెల తిరక్కుండానే కొత్త మేనేజరు ఉత్సాహంగా ఒక శుభవార్త తెచ్చాడు. పెద్ద క్లయింటట, పాత వెండర్ని మార్చేస్తున్నాడట, ఆ వ్యవహారం తెలిసినవాడు మన దగ్గరున్నాడంటే పొంగిపోయాడట. మొదటి కాల్‌లో అవతల పక్క ఆ కుర్రాడే ఉన్నాడు. తనకు తెలిసిందంతా చెబుతానని స్క్రీన్ షేర్ చేసి, మనవాడి పాత రికార్డింగే ప్లే చేశాడు. మనవాడు బుద్ధిగా నోట్స్ రాసుకున్నాడు. కాల్ అయ్యాక ప్రైవేటుగా చాట్ వచ్చింది.

"అన్నా, ఏమైనా అడగాలంటే తొందరగా అడగండి. నేనూ పేపర్ పెట్టా."