లెక్క తగ్గలేదు

1946లో జార్జ్ క్లాప్ అనే పిట్స్‌బర్గ్ పెద్దమనిషి తన రాగి సెంట్లను న్యూయార్క్‌లోని అమెరికన్ న్యూమిస్మాటిక్ సొసైటీకి దానం చేశారు. అల్యూమినియం వ్యాపారంలో సంపాదించిన డబ్బుతో జీవితమంతా ఏరి తెచ్చుకున్న నాణేలవి. అమ్మితే మంచి ధర పలికేది. చదువుకునేవాళ్లకు పనికొస్తాయని ఇచ్చేశారు.

సొసైటీ అప్పటికే ఎనభై ఎనిమిదేళ్ల సంస్థ. నాణేలను ట్రేలలో పెట్టి భద్రపరిచింది. తెలిసిన పరిశోధకులు వచ్చి అడిగితే తీసి చూపించేది.

ఆ రాగి సెంటు మన పది రూపాయల బిళ్ల కంటే రవ్వంత పెద్దది. 1793 నుంచి 1857 దాకా ఫిలడెల్ఫియా మింట్‌లో కొట్టారు. నాణెం మీద బొమ్మ అచ్చు వేసే ఉక్కు దిమ్మెలను డైలంటారు. మొదట్లో వాటిని చేత్తో చెక్కేవారు. ఒక డై పగిలితే మరొకటి చెక్కేవారు. చేతిపని కాబట్టి ఏ రెండూ అచ్చంగా ఒకేలా కుదిరేవి కావు. ఒకదానిలో స్వేచ్ఛాదేవి జుట్టు కొస కిందికి జారి ఉంటుంది, మరొకదానిలో సంవత్సరంలోని ఒక అంకె పక్కకు ఒరిగి ఉంటుంది. ఒక్క 1794లోనే ఇలాంటి రకాలు యాభైకి పైగా ఉన్నాయి. సేకర్తలు ప్రతి రకానికీ ఒక నంబరు పెట్టుకున్నారు. ఏ నంబరు ఎవరి దగ్గరుందో, ఏది లేదో వాళ్లకు కంఠతా వచ్చు.

అయితే రకం దొరికితే సరిపోదు. అదే రకంలో చేతులు మారి మారి అరిగిపోయిన నాణెం ఒకటి ఉంటుంది. ఎవరో డబ్బాలో దాచి మరిచిపోగా, కొట్టిన నాటి మెరుపు పోకుండా మిగిలినది ఒకటి ఉంటుంది. డై ఒకటే, సంవత్సరం ఒకటే. ధరలో మాత్రం ఏనుగుకూ ఎలుకకూ ఉన్నంత తేడా. క్లాప్ నాణేల్లో మెరుపు పోనివి చాలానే ఉన్నాయి.

సొసైటీకి వచ్చిపోయే పరిశోధకుల్లో ఒక డాక్టరు గారు ఉండేవారు. చికాగో విశ్వవిద్యాలయంలో డాక్టరేటు, వైద్యపట్టా రెండూ తీసుకున్న మనిషి. కొలంబియా విశ్వవిద్యాలయ వైద్య కళాశాలలో ఒక ప్రయోగశాలకు అధిపతి. అప్పట్లో సొసైటీ 155వ వీధిలో ఉండేది, వైద్య కళాశాల 168వ వీధిలో. రావడం పోవడం పెద్ద పనేం కాదు.

మనుషుల్ని కొలవడం ఆయన వృత్తి. ఒంటి నిర్మాణాన్ని మూడు లక్షణాలుగా విడదీసి, ఒక్కో లక్షణానికి 1 నుంచి 7 దాకా ఒక అంకె వేసేవారు. ఆ మూడు అంకెలను బట్టి మనిషి స్వభావం చెప్పవచ్చునన్నది ఆయన సిద్ధాంతం. బోస్టన్‌లో 200 మంది దారితప్పిన కుర్రాళ్లను అలా కొలిచి, 1949లో పెద్ద పుస్తకం వేశారు. తప్పుదారి పట్టే గుణానికి మూలం ఒంటి నిర్మాణంలోనే ఉందని అందులో వాదించారు.

రాగి సెంట్లంటే ఆయనకు చిన్ననాటి నుంచీ ప్రాణం. ఆయనకంటూ మంచి సేకరణ ఉంది. వాటి రకాల గురించి ఆయనకంటే తెలిసినవాళ్లు ఆ రోజుల్లో అరుదు. అంత తెలిసిన మనిషి ట్రే అడిగితే కాదనడానికి సొసైటీకి కారణం లేదు. ట్రే వెళ్లేది, తిరిగి వచ్చేది. ఎన్ని నాణేలు వెళ్లాయో అన్నే తిరిగొచ్చేవి. ఏ గుంట ఖాళీగా ఉండేది కాదు. ఏ రకం నాణెం ఉండాల్సిన చోట ఆ రకమే ఉండేది.

1972లో డాక్టరు గారు తన సేకరణను కాలిఫోర్నియా సేకర్త ఒకాయనకు 3 లక్షల డాలర్లకు అమ్మేశారు. కొన్నాయన పేరున్నవాడు. అమ్మినాయన అంతకంటే పేరున్నవాడు. కాబట్టి ఎవరూ ఏమీ అడగలేదు.

తర్వాతి పదిహేనేళ్లలో నాణేల బజారు రూపం మారింది. అంతకు ముందు నాణెం ఏ స్థితిలో ఉందో చెప్పేది అమ్మేవాడే. అదే నాణెం తన చేతిలో ఉంటే 'కొత్తదానిలా ఉంది' అంటాడు, ఎదుటివాడి చేతిలో ఉంటే 'బాగా అరిగింది' అంటాడు. డబ్బులు పోగొట్టుకున్నవాళ్లు పెరిగారు. 1986లో పీసీజీఎస్, మరుసటి ఏడాది ఎన్‌జీసీ అనే గ్రేడింగ్ కంపెనీలు పుట్టాయి. అమ్మకంలోనూ కొనుగోలులోనూ లాభం లేని మూడో మనిషి చూసి చెప్పాలన్నది వీటి ఆలోచన. ఒకరికి మించి నిపుణులు నాణెం చూస్తారు. అది అసలుదో నకిలీదో తేలుస్తారు. స్థితిని బట్టి ఒక అంకె వేస్తారు. గట్టి ప్లాస్టిక్ పెట్టెలో సీలు చేస్తారు. అంకె తప్పని రుజువైతే నష్టం భరిస్తామని హామీ ఇస్తారు.

ఇది నిజంగా మేలు చేసింది. ఎక్కడో ఊళ్లో కూర్చున్నవాడు, నాణెం చూడకుండానే, ఆ అంకెను నమ్మి కొనగలిగాడు.

ఆ వెంటనే నాణేల్ని గ్రేడ్ చేసేవాళ్లను సేకర్తలు గ్రేడ్ చేయడం మొదలైంది. ఏ కంపెనీ గట్టిది, ఏది ఉదారమైంది, ఏది పెట్టె అందంగా చేసి అంకె తేలిగ్గా ఇస్తుంది అన్న చర్చ ప్రతి నాణేల ప్రదర్శనలోనూ సాగింది. ఒకే అంకె ఉన్న నాణెం ఒక కంపెనీ పెట్టెలో ఒక ధర పలికింది, ఇంకొక కంపెనీ పెట్టెలో అందులో సగం కూడా పలకలేదు. కొందరు పెట్టె పగలగొట్టి అదే నాణేన్ని అదే కంపెనీకి మళ్లీ పంపేవారు. ఒక్కోసారి ఒక అంకె ఎక్కువ వచ్చేది. తమ గ్రేడింగ్ ఎప్పుడూ ఒకే తీరుగా ఉంటుందని పీసీజీఎస్ చేసుకున్న ప్రచారం మితిమీరిందని 1990లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ దావా వేసింది. కంపెనీ తప్పు ఒప్పుకోకుండా రాజీకి వచ్చింది.

ఇన్ని తగాదాల మధ్య ఒక్కటి మాత్రం మారలేదు. అది కొలబద్ద. ఏ కంపెనీ అయినా 1 నుంచి 70 దాకా ఉన్న అంకెల్లోనే గ్రేడ్ వేస్తుంది. దాన్ని షెల్డన్ స్కేల్ అంటారు. 1949లో వచ్చిన ఒక నాణేల పుస్తకంలో రాగి సెంట్ల కోసం కట్టిన లెక్క అది. 1794 నాటి ఒక రకం సెంటు పూర్తిగా అరిగి, ఏ రకమో మాత్రమే తెలిసే స్థితిలో ఉంటే అప్పట్లో ఒక డాలరు చేసేది. కొట్టిన నాటి మెరుపు చెదరకుండా ఉంటే 70 డాలర్లు చేసేది. అందుకే అధమానికి 1, ఉత్తమానికి 70. ధరలు ఎప్పుడో మారిపోయాయి. అంకెలు అలాగే నిలిచాయి. రాగి సెంట్ల కోసం పుట్టిన ఆ కొలత బంగారానికీ వెండికీ కూడా పాకింది. ఒక కంపెనీని నమ్మనివాళ్లు ఇంకొక కంపెనీకి వెళ్లారు గానీ, స్కేల్ మాత్రం మారలేదు.

1990ల మొదట్లో సొసైటీవాళ్లు క్లాప్ నాణేల పాత ఫోటోలు బయటికి తీశారు. ఆ ఫోటోల్నీ ట్రేలలో ఉన్న నాణేల్నీ పక్కపక్కన పెట్టి చూశారు.

ఒకే డై కింద పడ్డ నాణేలకు డై పోలికలన్నీ ఒకటే ఉంటాయి. జుట్టు కొస, అంకె ఒరుగు, డై పగిలిన చోటి చార అన్నీ కలుస్తాయి. రకాన్ని గుర్తుపట్టేది వాటితోనే. కానీ రేకులోని లోపాలూ, మింట్ దాటి బయటికి వచ్చాక తగిలిన దెబ్బలూ ఏ నాణేనివి దానివే. చెంప మీద గీత, అంచున నొక్కు, రాగి రేకులో పుట్టుకతో ఉన్న లోపం, ఇవి రెండో నాణెం మీద అదే చోట, అదే కొలతలో ఉండవు. రాగి మీద కొత్త గీత పడవచ్చు. పాత గీత మానదు.

ఫోటోలో ఉన్న గీతలు ట్రేలోని నాణేల మీద లేవు.

రకం సరిగ్గానే ఉంది. సంవత్సరం సరిగ్గానే ఉంది. నాణేల సంఖ్య సరిగ్గానే ఉంది. సరిగ్గా లేనిది స్థితి ఒక్కటే. మెరిసే నాణెం ఉండాల్సిన గుంటలో అదే రకానికి చెందిన అరిగిన నాణెం కూర్చుంది. అలాంటి గుంటలు ఒకటీ రెండూ కావు. ఈ మార్పిడి చేయాలంటే ఏ నాణెం ఏ రకమో చూడగానే తెలియాలి. అదే రకంలో తక్కువది చేతిలో సిద్ధంగా ఉండాలి. రెంటికీ మధ్య తేడా ఎంతో ఖచ్చితంగా తెలియాలి. కాపలావాళ్లు నాణేలు లెక్కపెడతారే గానీ గ్రేడ్ చూడరని కూడా తెలియాలి.

ఫోటోలో ఉన్న నాణేల్లో కొన్ని దొరికాయి. చెంప మీద గీతతో, అంచున నొక్కుతో కాలిఫోర్నియా సేకర్త దగ్గర భద్రంగా ఉన్నాయి. ఆయన ఎక్కడ కొన్నారో రహస్యమేమీ కాదు. 1972లో, డాక్టరు గారి దగ్గర.

సొసైటీ తన నాణేలు తనకు ఇమ్మంది. తెలియక డబ్బు పెట్టి కొన్నానని, ఇన్నేళ్ల తర్వాత అడిగే హక్కు లేదని సేకర్త వాదించారు. తన వస్తువు ఎవరి దగ్గరుందో సొంతదారుకు తెలిసిన నాటి నుంచే గడువు మొదలవుతుందని 1996లో కాలిఫోర్నియా అప్పీలు కోర్టు చెప్పింది. చివరికి నాణేలు సొసైటీవేనని తేలింది.

డాక్టరు గారిని అడగడానికి వీల్లేకపోయింది. ఆయన 1977లోనే పోయారు.

పోయిన నాణేనికీ దాని గుంటలో వదిలిన నాణేనికీ తేడా ఎంతో నిపుణులు ఒక్కో జతకూ లెక్క కట్టుకున్నారు. వాడింది 1 నుంచి 70 దాకా ఉన్న ఆ అంకెలే. బజారులో చెలామణిలో ఉన్న కొలత అదే.

డాక్టరు గారి పేరు విలియం షెల్డన్.