నాకు తెలిసింది వరుస నంబరే

ఓటు యంత్రంలో కంట్రోల్ యూనిట్‌ని నేను. గుర్తులన్నీ నా జోడీ బ్యాలెట్ యూనిట్ మీదుంటాయి, అది అట్ట చాటున ఉంటుంది. నేనుండేది పోలింగ్ అధికారి బల్ల మీద. ఆయన నా మీది మీట నొక్కితేగాని అక్కడ ఓటు పడదు. కారు, చెయ్యి, కమలం నాకు తెలీవు. వరుస నంబర్లే తెలుసు.

2023 నవంబరు 30న తెలంగాణ అసెంబ్లీ ఎన్నికలకు కరీంనగర్ నియోజకవర్గంలో నా డ్యూటీ. తెల్లారకముందే ఏజెంట్ల ఎదుట మాక్ పోల్ పెట్టి, లెక్క చూపించి, చెరిపేశారు. రిజల్ట్ మీట మీద కాగితపు సీలు వేసి, దాని మీద ఏజెంట్ల సంతకాలు తీసుకున్నారు. ఇక జనం మొదలు. ఓ అవ్వ లోపలికి పోయి ఎంతకీ రాలేదు. "సప్పుడచ్చిందా సారూ?" అని అక్కణ్ణుంచే కేక. "అచ్చింది, ఇగ రా అవ్వా" అన్నాడాయన. ఆ బీప్ నాదే.

డిసెంబరు 3న ఎస్సారార్ కాలేజీలో లెక్కింపు. 2001 మే 17న కేసీఆర్ తన కొత్త పార్టీ టీఆర్‌ఎస్ తరఫున సింహగర్జన సభ పెట్టింది ఆ కాలేజీ మైదానంలోనే. బీఆర్‌ఎస్‌గా పేరు మారిన ఆ పార్టీ దాదాపు పదేళ్ల పాలన ఉంటుందో పోతుందో తేలే రోజు మమ్మల్నీ అక్కడికే తెచ్చారు! సీలు చింపి మీట నొక్కారు. నేను ఒక్కో నంబరు చూపిస్తుంటే జాలీ అవతల ఏజెంట్లు తలలు ఆనించి రాసుకున్నారు. రౌండు రౌండుకీ ముఖాల రంగు మారింది.

రాష్ట్రంలో 119 స్థానాలకు కాంగ్రెస్‌కు 64, బీఆర్‌ఎస్‌కు 39. ఉమ్మడి కరీంనగర్ జిల్లా 13 స్థానాల్లో ఎనిమిది కాంగ్రెస్‌వే. టీవీలవాళ్లు దీన్నే గాలి అన్నారు. మరి ఆ గాలి మా ఊళ్లోకి ఎందుకు రాలేదు? ఇక్కడ బీఆర్‌ఎస్ మంత్రి గంగుల కమలాకర్ 3,163 ఓట్లతో బయటపడ్డారు. ఓడింది బీజేపీ బండి సంజయ్. కాంగ్రెస్‌ది మూడో స్థానం. గంగుల 2009లో మొదటిసారి గెలిచింది తెలుగుదేశం టికెట్ మీద. పార్టీ మారినా మనిషిని మార్చుకోలేదు మావాళ్లు. అధికారం చేతులు మారిందని హైదరాబాదులో పండగ చేసుకుంటుంటే, కరీంనగర్ ఓడిన పార్టీ ఎమ్మెల్యేను పట్టుకుని కూర్చుంది.

అలాగని బీఆర్‌ఎస్ కారుకు కట్టుబడ్డారా అంటే అదీ లేదు. ఆరు నెలలు తిరక్కుండానే పార్లమెంటు ఎన్నికలొచ్చాయి. కరీంనగర్ స్థానంలో సంజయ్‌కి 2 లక్షల 25 వేల పైచిలుకు మెజారిటీ. ఈసారి కాంగ్రెస్ రెండోది. బీఆర్‌ఎస్ మూడోది.