తెలంగాణ రవాణా కమిషనర్ గారికి చిక్కడపల్లి నుంచి ఒక విన్నపం



మొన్న మా అమ్మాయి నాగోలు ట్రాక్ మీద కాలు కింద పెట్టకుండా 8 వేసి లైసెన్సు తెచ్చుకుంది. మర్నాడే మా సందులో రెండు కాళ్ళూ కింద పెట్టి, స్కూటర్ తోసుకుంటూ ఇంటికొచ్చింది. దాని తప్పేం లేదు సార్, సిలబస్ వేరు.

మా సందుకు సరిపడే సిలబస్ మా అక్క కొడుకు చదివాడు, టెక్సాస్‌లో ఉంటాడు. మట్టిలో, ఇసుకలో నడిపే నాలుగు చక్రాల బండి, ఏటీవీ అంటారు, ఎక్కాలని వాడికి సరదా పుట్టింది. ఎక్కేముందు ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో భద్రతా కోర్సు చేశాడు. హెల్మెట్, కళ్ళద్దాలు, గ్లౌజులు, నిండు చేతుల చొక్కా, చీలమండ దాటే బూట్లు ఉండాలట. ఒక్కరి కోసం చేసిన బండి మీద రెండో మనిషిని ఎక్కించుకోకూడదట. ఇంకో నియమం, తారు రోడ్డు మీద నడపకూడదు, ఆ టైర్లు మట్టి కోసం చేసినవి. ఈ ఒక్క నియమాన్ని మా పేటవాళ్ళం ఏడాది పొడుగునా తు.చ. తప్పకుండా పాటిస్తున్నాం. సర్టిఫికెట్ మాత్రం లేదు.

అమెరికా ప్రభుత్వం 1988లో కంపెనీలతో ఒప్పందం చేసుకుని మూడు చక్రాల ఏటీవీల అమ్మకం ఆపించిందట, తిరగబడుతున్నాయని. ఈ మాట నారాయణగూడ ఫ్లైఓవర్ దగ్గర ఆటో అతనికి చెబితే, 'వాళ్ళకు తోలొస్తలేదు సార్' అన్నాడు.

మా సందులో పైపు కోసమో కేబుల్ కోసమో తవ్విన గుంత ఒకటుంది. తవ్వినవారి పేరు చెప్పను. పూడ్చినవారి పేరు చెబుదామంటే ఎవరూ లేరు. కాలనీవాళ్ళు అందులో విరిగిన ప్లాస్టిక్ కుర్చీ నిలబెట్టి, దాని చేతికి ఎర్ర గుడ్డ కట్టారు. వాన పడితే కుర్చీ వీపు ఒక్కటే కనబడుతుంది. అదీ మునిగిందంటే ఆ రోజు బండి తీయం. మూలమీది ఇడ్లీ బండి ఆయన కొత్త ముఖం కనబడగానే గరిటె ఊపి 'అన్నా, జర కుడి పక్కకెళ్ళి పో' అని అరుస్తాడు. జీతం లేని ఇన్‌స్ట్రక్టర్.

2023 ఆగస్టులో ఇందిరా పార్కు నుంచి వీఎస్టీ దాకా మా నెత్తిమీదుగా ఉక్కు వంతెన తెరిచారు. పైన పోయేవాళ్ళకు ఆర్టీసీ క్రాస్ రోడ్డు సిగ్నల్ తప్పింది, సంతోషం. కిందివాళ్ళకు అది గొడుగు.

కాబట్టి మాకూ ఒక ఆఫ్‌రోడ్ కోర్సు ఆన్‌లైన్‌లో పెట్టించండి. అభ్యర్థులకు కొదవ లేదు, అశోక్ నగర్ పక్కనే ఉంది. గ్రూప్స్‌కు చదువుతూ సెంట్రల్ లైబ్రరీలో పొద్దుపుచ్చే పిల్లలు నోటిఫికేషన్ అంటే చెవికోసుకుంటారు. సాయంత్రానికల్లా జిరాక్స్ షాపుల్లో స్పైరల్ బైండింగ్ మెటీరియల్ వచ్చేస్తుంది. '30 రోజుల క్రాష్ కోర్సు' అని బ్యానర్ కడతారు. ఆ మాట ఇంత సరిగ్గా ఇంకెక్కడా అతకదు.

మాదిరి ప్రశ్న నేనే పంపుతున్నాను. నీళ్ళు నిండిన గుంత లోతు తెలిసేదెలా? ఎ) ముందు ఆటో మునిగిన మేరను బట్టి, బి) ఇడ్లీ బండి ఆయన్ను అడిగి, సి) స్వయంగా దిగి, డి) పైవన్నీ. కీ మాత్రం జాగ్రత్తగా ఇవ్వండి. అభ్యంతరాలు పెట్టడంలో మా పిల్లలు ఆరితేరారు.

2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలో హెల్మెట్ లేనివాడికి 1,000 రూపాయల జరిమానా రాశారు. అందులోనే 198ఎ అని ఒక సెక్షన్ ఉంది. రోడ్డు నిర్మాణంలో, నిర్వహణలో ప్రమాణాలు పాటించనందువల్ల ఎవరైనా చనిపోయినా, అంగవైకల్యం పాలైనా, బాధ్యులకు లక్ష దాకా జరిమానా. మొదటిదానికి మా మెయిన్ రోడ్డు మీద కెమెరా ఉంది. రెండోదానికి మా సందులో కుర్చీ ఉంది.

ఇట్లు,
చిక్కడపల్లి స్కూటరిస్టు

తా.క.: సర్టిఫికెట్లు పోస్టులో పంపేటట్టయితే 'కుర్చీ గుంత ఎదురుగా' అని రాయండి, పోస్ట్‌మ్యాన్ నేరుగా వస్తాడు. గుంత పూడ్చకముందే పంపితే మేలు. పూడ్చాక మా ఇల్లు దొరకదు.