కార్డుల అంకుల్

బేగంపేట ప్రకాశ్‌నగర్‌లో మా అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో నాలుగు వందల జపాన్ తోటలున్నాయి. వాటిలో ఏ తోటకీ నీళ్ళు పొయ్యక్కర్లేదు. బాల్కనీలో ఉన్న ఒక్క తులసికీ అంకుల్ పొయ్యరు, అది ఆంటీ డిపార్ట్‌మెంటు.

బ్యాంకులో రిటైరైనవాళ్ళు వాకింగో వాస్తో పట్టుకుంటారు. ఈయన వందేళ్ళ కిందటి బొమ్మల పోస్టుకార్డులు పట్టుకున్నారు. అందులోనూ జపాన్ పద్ధతి తోటలవే. చార్మినార్ కార్డిస్తే మొహమాటానికైనా పుచ్చుకోరు. ఆదివారం పొద్దున్నే ఆబిడ్స్ ఫుట్‌పాత్ పాత పుస్తకాల దగ్గర హాజరు. అక్కడ దొరికేది దాదాపు సున్నా. మిగతావన్నీ విదేశాల నుంచి వస్తాయి. ఎంతైందని ఆంటీ అడిగితే పౌండ్లలో చెబుతారు. అంకె చిన్నగా ఉంటుంది కదా.

చూడ్డానికి వెళ్తే ముందు చేతులు కడుక్కోవాలి. మనం బొమ్మ చూస్తుంటే ఆయనకి చిరాకు. "తోటదేముందండీ, వెనక్కి తిప్పండి!" అంటారు. జపాన్ కార్డు వెనకవైపంతా అడ్రసుకే వదిలితే 1907కి ముందుది. మూడో వంతు దగ్గర గీతుంటే ఆ తర్వాతది. గీత సగానికి జరిగితే 1918 దాటినట్టే. ఇక భూతద్దం. చుక్కలు చుక్కలుగా కనబడితే ఈమధ్య వేసిన నకలేమోనని అనుమానం. అప్పుడు ఆయన మొహం చూడాలి, చెల్లని చెక్కు చూసిన క్యాషియరే.

1910లో లండన్‌లో జపాన్-బ్రిటన్ ఎగ్జిబిషన్ జరిగింది. మన నాంపల్లి నుమాయిష్ లాంటిదే, కాకపోతే దాదాపు ఆర్నెల్లు. 80 లక్షల మందికి పైగా వచ్చారు. అక్కడ వేసిన రెండు తోటల కార్డులు ఈయన దగ్గర ఒక ఆల్బమ్ నిండా ఉన్నాయి. శాన్‌ఫ్రాన్సిస్కోలో 1894 ఎగ్జిబిషన్‌కి వేసిన జపనీస్ టీ గార్డెన్ ఇప్పటికీ ఉంది. యుద్ధకాలంలో, 1942లో, దాని పేరు 'ఓరియంటల్' అని మార్చి, తోటని పెంచిన హగివారా కుటుంబాన్ని నిర్బంధ శిబిరానికి పంపారు. పాత పేరు 1952లో తిరిగొచ్చింది. రెండు పేర్ల కార్డులూ పక్కపక్కనే పెట్టి చూపిస్తారు. ఆ పేజీ దగ్గర మాత్రం అంకుల్ ఉపన్యాసం ఇవ్వరు.

ఒకే వంతెన మీద ఒకే అమ్మాయి ఉన్న కార్డులు రెండున్నాయి. అప్పట్లో రంగులు చేత్తో వేసేవారు. ఒకదాంట్లో కిమోనో ఎరుపు, ఇంకోదాంట్లో నీలం. "అదే చీర నేను రెండు రంగుల్లో కొంటే ఏమంటారండీ?" అని వంటింట్లోంచి ఆంటీ. అంకుల్‌కి ఆ క్షణంలోనే చెవుడొస్తుంది.

వానాకాలం నాలా పొంగితే మేమంతా సెల్లార్లో బళ్ళు తీయడానికి పరిగెడతాం. మూడో అంతస్తులో ఉన్న ఈయన ఆల్బమ్‌లు అటకెక్కిస్తారు.

క్యోటో తీసుకెళ్తానని కొడుకు టికెట్లు తియ్యబోయాడు. "ఇప్పుడెందుకురా, అన్నీ మారిపోయుంటాయి" అన్నారు.

మీ తాతగారి ట్రంకుపెట్టెలో పాత కార్డులుంటే, స్టాంపు కోసం చింపకండి. ప్రకాశ్‌నగర్ పట్టుకురండి. భోంచేసి మరీ రండి, త్వరగా వదలరు.