ఒకే దేశం, ఒకే కార్డు, పర్సు నిండా కార్డులు

ఎవరి పర్సయినా లావుగా కనిపిస్తే డబ్బున్న ఆసామి అని మోసపోకండి. తెరిచి చూస్తే మెట్రో కార్డొకటి, డెబిట్ కార్డులు రెండు, సూపర్ మార్కెట్ పాయింట్ల కార్డొకటి, ఏ మాల్‌దో ఫుడ్‌కోర్టు కార్డొకటి, ఆధార్ కలర్ జిరాక్సు, వెంకన్న బొమ్మ ఉంటాయి. నోటు మాత్రం ఉండదు.

ఈ బరువు దించడానికే 2019 మార్చి 4న అహ్మదాబాద్‌లో ప్రధానమంత్రి నేషనల్ కామన్ మొబిలిటీ కార్డును విడుదల చేశారు. నినాదం కూడా ఘనంగానే పెట్టారు: ఒకే దేశం, ఒకే కార్డు. బస్సుకీ అదే, మెట్రోకీ అదే, టోలుకీ, పార్కింగుకీ, షాపుకీ అదే. ఆ మాట విని పర్సులన్నీ సంబరపడ్డాయి, లోపలికి ఇంకో కార్డు వస్తోందని.

కార్డు మంచిదే. చిక్కంతా దాని కడుపులో ఉంది. అందులో డబ్బు రెండు చోట్ల ఉంటుంది. ఒకటి సర్వర్‌లో, రెండోది కార్డు చిప్‌లో. ఫోన్‌లో రీఛార్జి చేస్తే డబ్బు సర్వర్‌లో పడుతుంది. గేటు దగ్గర బ్యాంకును అడిగి రావడానికి తీరిక ఉండదు కనుక గేటు చిప్‌నే నమ్ముతుంది. సర్వర్‌లోని డబ్బు చిప్‌లోకి దిగాలంటే కార్డును ఇంకో మెషీన్‌కు చూపించి ‘అప్‌డేట్’ చేయించుకోవాలి. అంటే మన డబ్బు మన కార్డులోకి రావాలన్నా మనమే ఎదురెళ్లి తీసుకురావాలి.

ఆఫీసు వేళకు అమీర్‌పేట మెట్రో స్టేషన్ గేటు దగ్గర కాసేపు నిలబడండి. ఒకాయన కార్డు తీసే ఓపిక లేక పర్సు మొత్తాన్నీ మొక్కు చెల్లిస్తున్నట్టు మెషీన్‌కు ఆనిస్తాడు. లోపల నాలుగు కార్డులు. ఎవరిని పలకరించాలో తెలియక మెషీన్ ఎర్రబడుతుంది. ఆయన పర్సు తిరగేసి ఆనిస్తాడు, తుడిచి ఆనిస్తాడు. వెనకనుంచి ‘అన్నా, జర జల్ది’ అని ఒకరు, ‘పక్క గేటుకు రండి సార్’ అని ఇంకొకరు. ఈలోపు ఫోన్‌లో క్యూఆర్ టికెట్ ఉన్న కాలేజీ పిల్ల ఎస్కలేటర్ దాకా వెళ్లిపోయింది.

హాంగ్‌కాంగ్ వాళ్లు ఈ ఒకే కార్డు పనిని 1997లోనే పూర్తి చేశారు. ఆక్టోపస్ అనే ఆ కార్డు తెచ్చే ముందే రైలు, బస్సు, ఫెర్రీ కంపెనీలు కూర్చుని ఉమ్మడిగా ఒక సంస్థ పెట్టుకున్నాయి. కార్డు తర్వాత వచ్చింది, పొత్తు ముందు కుదిరింది. రైలెక్కిన కార్డే తర్వాత దుకాణాల్లో బిస్కెట్లూ కొనిపెట్టింది. బ్యాలెన్స్ కాస్త తక్కువైనా డిపాజిట్ చూసుకుని ఒకసారికి వదిలేస్తుంది. అరువిచ్చే మెషీన్!

మన దగ్గర అరువు మెషీన్ ఇవ్వదు, కండక్టర్ తీసుకుంటాడు. చిల్లర లేనప్పుడు ఆర్టీసీ టికెట్ వెనక బాల్‌పెన్‌తో ఆయన రాసిచ్చే ‘8/-’ మన తొలి ప్రీపెయిడ్ బ్యాలెన్స్. దిగేటప్పుడు అడగడం మరిచిపోతే హరీ. అన్యాయం అనకండి. 2024 ఫిబ్రవరిలో రిజర్వు బ్యాంకు కేవైసీ లేకుండానే రూ. 3,000 దాకా ఉండే ప్రయాణపు కార్డులకు అనుమతిచ్చింది. వాటిలోనూ డబ్బు వేయడమే తప్ప వెనక్కి తీసుకోవడం ఉండదు. బాల్‌పెన్ పద్ధతికి అధికార ముద్ర పడిందన్నమాట.

ఇక కార్డులంటే భయం సంగతి. పిన్ లేకుండా ట్యాప్ చేసి చెల్లించే పరిమితిని 2021 జనవరి 1 నుంచి రూ. 2,000 నుంచి రూ. 5,000కు పెంచారు. అంతే, బస్సులో పక్కన నిలబడితే చాలు జేబులోంచి డబ్బు లాగేస్తారని వాట్సాప్‌లో వార్త. ట్యాప్ కుదరాలంటే కార్డు మెషీన్‌కు నాలుగు వేళ్ల దూరంలో ఉండాలని ఎవరూ ఫార్వర్డ్ చేయలేదు. మా వీధిలో ఒక రిటైర్డు పెద్దమనిషి కార్డును అల్యూమినియం ఫాయిల్‌లో చుట్టి, పైన రబ్బరు బ్యాండు వేసి దాచారు. ఆయనే పెట్రోల్ బంకులో ‘పిన్ ఎంత సార్?’ అంటే వెనక బైకువాడికి కూడా వినపడేలా నాలుగంకెలూ చెబుతారు.

జనానికి కొత్తవి పడవని మాత్రం అనకండి. యూపీఐ వచ్చింది 2016లో. మిరపకాయ బజ్జీల బండివాడు దాన్ని పట్టుకున్నాడు. ఎవరూ అతనికి శిక్షణ ఇవ్వలేదు, నినాదం ఇవ్వలేదు. క్యూఆర్ కోడ్ ఉన్న కాగితం ముక్క అతికిస్తే చాలు, వేలు పోసి మెషీన్ కొనక్కర్లేదు. డబ్బు పడగానే స్పీకరు డబ్బా అరిచి చెబుతుంది. కొనేవాడు ఇంకో కార్డు మోయక్కర్లేదు, వేరే మెషీన్‌కు వెళ్లి బ్యాలెన్స్ దింపుకోనక్కర్లేదు. అలాగే తెలంగాణలో 2023 డిసెంబర్ 9 నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ ప్రయాణం ఉచితమైంది. ఆధార్ చూపించి జీరో టికెట్ తీసుకోవడం ఇట్టే అందరికీ వచ్చేసింది. సుఖం కనబడితే జనానికి ఏ అలవాటైనా పూటలో పని.

కాబట్టి అయ్యలారా, ‘కార్డు వాడండి’ అని మాకు బోర్డులు పెట్టడం ఆపండి. మెట్రో దిగి బస్సెక్కినా, బస్సు దిగి ఎంఎంటీఎస్ రైలెక్కినా అదే కార్డు చెల్లేలా మీరూ మీరూ ఒక బల్ల దగ్గర కూర్చుని తేల్చుకోండి. మేం వేసిన డబ్బు నేరుగా కార్డులోనే పడే ఏర్పాటు చేయండి. ఆ రెండూ అయ్యాక నినాదం లేకపోయినా కార్డు కోసం మేమే క్యూ కడతాం.