క్యారీబ్యాగులో కేస్‌షీటు, క్లౌడ్‌లో సర్కారు

అమీర్‌పేట నుంచి పంజాగుట్టకు మెట్రోలో ఒకే ఒక్క స్టేషన్. సీటు వెతుక్కునేలోగా దిగాల్సి వస్తుంది. ఆ ఒక్క స్టేషన్ దూరం దాటడం మన ప్రభుత్వాలకు మాత్రం ఇరవై ఏళ్లుగా చేతకాలేదు.

ఇటు అమీర్‌పేట. మైత్రీవనం చుట్టూ, ఆదిత్య ఎన్‌క్లేవ్ నిండా, గోడ కనపడకుండా ఫ్లెక్సీలు. నిన్నమొన్నటి దాకా ఇన్ఫర్మాటికా, టెరాడేటా, డేటాస్టేజ్. ఇప్పుడు స్నోఫ్లేక్, డేటాబ్రిక్స్, పవర్ బీఐ. ఫ్రీ డెమో. రియల్ టైమ్ ఫ్యాకల్టీ. ఏ మెట్లెక్కి ఏ గదిలోకి తొంగి చూసినా కుర్చీకి కుర్చీ ఆనించి పిల్లలు డేటా వేర్‌హౌస్ నేర్చుకుంటుంటారు. ప్రాజెక్టు ఏంటి బాబూ? ‘హెల్త్‌కేర్ డొమైన్ సార్.’ ఎవరి హెల్త్? ఇంకెవరిది, అమెరికావాడిది!

తప్పు పిల్లలది కాదు. కరీంనగర్ నుంచి వచ్చి హాస్టల్లో నీళ్ల సాంబారుతో కాలక్షేపం చేస్తున్న కుర్రాడికి 837 అంటే తెలుసు. అమెరికాలో ఆసుపత్రి బీమా కంపెనీకి పంపే క్లెయిమ్. 835 అంటే కూడా తెలుసు. ఆ క్లెయిముకు డబ్బు కట్టామంటూ కంపెనీ తిరిగి పంపే లెక్క. రోగి వివరాలు బయటికి పొక్కితే 1996 నాటి హిపా చట్టం ఎలా వాత పెడుతుందో తెలుసు. ఒహాయోలో ఓ ముసలాయన మోకాలి ఆపరేషన్ ఏ పట్టికలో ఏ గడిలో కూర్చోవాలో నిద్రలో లేపి అడిగినా చెప్తాడు. మరి వాళ్ల తాత మోకాలు? తాత పంజాగుట్టలో ఉన్నాడు. లైన్లో.

అటు పంజాగుట్ట. నిమ్స్. 1989లో చట్టం చేసి మరీ ఇన్‌స్టిట్యూట్‌గా నిలబెట్టుకున్న పెద్దాసుపత్రి. డాక్టర్ల చేతివాసికి పేరు పెట్టాల్సిన పనిలేదు. అందుకే ఆదిలాబాద్ నుంచి అలంపూర్ దాకా జనం ఇక్కడికే వస్తారు. వచ్చే ప్రతి కుటుంబం చేతిలో ఉండేది ఒకటే వస్తువు, బట్టల షాపు క్యారీబ్యాగు. అందులో ఊరి ఆర్‌ఎంపీ రాసిచ్చిన చీటీ, పీహెచ్‌సీ ఓపీ కాగితం, జిల్లా ఆసుపత్రి డిశ్చార్జి సమ్మరీ, ఎందుకైనా మంచిదని అరడజను ఆధార్ జిరాక్సులు, అక్షరాలు వెలిసిపోయిన ఈసీజీ. తెలంగాణ ప్రజారోగ్య డేటా వేర్‌హౌస్ ఇదే మహాప్రభో! సర్వర్ అత్తమ్మ ఒడి. బ్యాకప్ లేదు. వానొస్తే సిస్టమ్ డౌన్.

అసలు డేటా వేర్‌హౌస్ బ్రహ్మవిద్యేం కాదు. తలో చోట పడి ఉన్న లెక్కలన్నీ ఒక దగ్గరికి తేవాలి. ఒకే మనిషిని మూడు స్పెల్లింగుల్లో రాసి ఉంటే ఒక్కటి చేయాలి. తప్పులేరి, తేదీల వారీగా పేర్చి, అడిగిన ప్రశ్నకు జవాబొచ్చేలా ఉంచాలి. గంతే. ఏ బస్తీలో పోయిన వారం జ్వరాలు ఎగబాకాయి? ఏ మండలంలో నలభై నిండకముందే కిడ్నీలు పోతున్నాయి? ఏ ఆసుపత్రిలో ముప్ఫై ఏళ్ల ఆడవాళ్ల గర్భసంచులు వరసబెట్టి తీసేస్తున్నారు? ప్రశ్న అడిగితే అంకె రావాలి. 1990ల మొదట్లో ఈ విద్యకు రూపం ఇచ్చిన బిల్ ఇన్మన్ దానికి కొన్ని లక్షణాలు చెప్పాడు. అందులో ఒకటి మన వాతావరణానికి బొత్తిగా సరిపడదు. లోపలికొచ్చిన లెక్కను చెరపకూడదట! ముఖ్యమంత్రి మారితే పథకం పేరూ కిట్టు మీద బొమ్మా కూడా చెరిపేసే సంప్రదాయం మనది. పాపం ఇన్మన్‌కేం తెలుసు?

పోనీ సరుకు లేక గిడ్డంగి కట్టలేదా? సరుక్కేం తక్కువ! 2014 ఆగస్టు 19న రాష్ట్రం మొత్తాన్ని ఇళ్లలో కూర్చోబెట్టి సమగ్ర కుటుంబ సర్వే చేశారు. ముంబై నుంచి వలస కూలీలు దొరికిన బస్సెక్కి ఉరికొచ్చారు, పేరు తప్పితే బతుకు తప్పుతుందేమోనని. 2018 ఆగస్టు 15న కంటి వెలుగు. కోటిన్నర మందికి పైగా కళ్లు చూశారు. 2023లో మళ్లీ చూశారు. 2022 మార్చి 5న ములుగులో, సిరిసిల్లలో హెల్త్ ప్రొఫైల్. ఇంటింటికీ వెళ్లి బీపీ, షుగరు, రక్తం. దేశానికే ఆదర్శం అన్నారు. ఇక రాష్ట్రమంతా అన్నారు. తర్వాత ఎన్నికలొచ్చాయి. కొత్త సర్కారు ఊరుకుంటుందా? 2024 అక్టోబరులో ఫ్యామిలీ డిజిటల్ కార్డు, రేషన్ నుంచి ఆరోగ్యం దాకా అన్నీ ఒకే కార్డులో. నవంబరులో మళ్లీ ఇంటింటి సర్వే. మనల్ని అడగడంలో ఏ పార్టీకీ వెనకడుగు లేదు. అడిగిందాన్ని చదవడానికే ఎవరికీ తీరిక లేదు. ప్రారంభోత్సవానికి రిబ్బను ఉంటుంది. పట్టికల్లో తప్పులు ఏరడానికి రిబ్బను ఎక్కడ కడతారు? ఫొటో ఎవరు తీస్తారు?

తప్పులంటే గుర్తొచ్చింది. ఆయుష్మాన్ భారత్ బీమా లెక్కల్ని 2023లో కాగ్ తవ్వింది. పది తొమ్మిదులున్న ఒకే ఒక ఫోన్ నంబరు మీద ఏడున్నర లక్షల మంది లబ్ధిదారులు! దేశంలో అంత అన్యోన్యమైన కుటుంబం ఇంకోటి ఉండదు. డేటాలో చచ్చిపోయారని రాసి ఉన్న 3,446 మందికి తర్వాత వైద్యం చేసినందుకు 6.97 కోట్లు చెల్లించారు. చచ్చినవాడికి మంచం దొరికింది. బతికున్నవాడికి దొరకడమే కష్టం. ఫోన్ నంబరుతో మాకు పనిలేదు, గుర్తింపు వేరే పద్ధతిలో అని కేంద్రం సంజాయిషీ. పనిలేనప్పుడు అడగడమెందుకో?

ఈ లెక్కలన్నీ ఎక్కించేదెవరు? కలెక్టరా? కన్సల్టెంటా? ఆశమ్మ, ఏఎన్‌ఎమ్. ఒక్కో పనికి ఒక్కో యాప్. టీబీకి నిక్షయ్. టీకాకు యూ-విన్. బీపీ, షుగరుకు ఎన్‌సీడీ. గర్భిణికి ఆర్‌సీహెచ్. జ్వరానికి ఐహెచ్ఐపీ. ఇవన్నీ కొట్టాక నెలాఖరుకు హెచ్ఎంఐఎస్. ఒకే ఇల్లు, ఒకే లక్ష్మమ్మ, నాలుగు చోట్ల పుట్టిన తేదీ. యాప్ పనిచేయకపోతే తప్పు ఆమెది, పనిచేస్తే ఘనత మంత్రిగారిది. ఇంతా చేసి నెలకు 18 వేలు ఇస్తామన్న ఎన్నికల మాట నిలబెట్టుకోండని 2024 డిసెంబరులో కోఠీలో రోడ్డెక్కితే పోలీసులొచ్చి లాక్కెళ్లారు. డేటా కొత్త ఇంధనమని ఏసీ హాళ్లలో ఉపన్యాసాలిస్తారే, ఆ ఇంధనం తోడే మనిషి కూలి అడిగితే మాత్రం లాఠీ చూపిస్తారా?

లెక్క తప్పితే ఏమవుతుంది, నాలుగు అంకెలే కదా అనుకుంటే కరోనా రోజులు తల్చుకోండి. 2020లో పరీక్షలు తక్కువ, బులెటిన్లలో వివరాలు అంతకంటే తక్కువ అని తెలంగాణ హైకోర్టు ప్రభుత్వాన్ని ఎన్నిసార్లు కడిగిందో! చీవాట్లు తిన్నాక ఓ గడి పెంచడం, మళ్లీ తినడం. ఇక దేశం సంగతి. 2020లో నమోదైన మొత్తం చావులు 81.2 లక్షలు, 2021లో 1.02 కోట్లు. ఏకంగా 21 లక్షలు ఎక్కువ. ఆ ఏడాది సర్కారు ఒప్పుకున్న కరోనా చావులు మూడున్నర లక్షలు కూడా లేవు. మిగతావాళ్లు దేనికి పోయారు? ఎవరికి తెలుసు? 2020లో నమోదైన మరణాల్లో కారణాన్ని డాక్టరు ధ్రువీకరించినవి 22.5 శాతమే. ఈ 2021 లెక్క బయటికొచ్చింది ఎప్పుడో తెలుసా? 2025 మేలో. నాలుగేళ్ల తర్వాత. కర్మకాండలు, సంవత్సరీకాలు, అన్నీ అయిపోయాక. ఇంకో ముచ్చట. ‘లక్షమందికి ఇన్ని కేసులు’ అంటారు కదా, ఆ లక్షల లెక్కకు పునాది 2011 జనగణన. అప్పుడు పుట్టిన పిల్ల పదో తరగతికి వచ్చేసింది.

పంజాగుట్ట పక్కనే బేగంపేట. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ అక్కడే దోమ కడుపు కోసి మలేరియా గుట్టు పట్టాడు. ఉక్కపోతలో పంకా కూడా ఊపనివ్వకుండా, ఒక మైక్రోస్కోపు, ఒక నోటుబుక్కు. ఆ మనిషి కాగితాలు లండన్‌లోని ఉష్ణమండల వైద్య కళాశాలలో ఇప్పటికీ భద్రం, అడిగితే చూపిస్తారు. పోయిన వానాకాలం మీ బస్తీలో ఎంతమందికి డెంగీ వచ్చిందో అడగండి, ఎవరైనా చూపిస్తారేమో!

ఆరోగ్యశ్రీ దగ్గరికి వద్దాం. 2007 ఏప్రిల్‌లో మూడు జిల్లాల్లో మొదలైన నాటి నుంచి ప్రతి కేసుకూ ముందస్తు అనుమతి, స్కానింగులు, రోగి ఫొటో, అన్నీ ఆన్‌లైన్. పేదవాడి జబ్బుల చరిత్ర ఇంత వివరంగా దేశంలో ఎన్ని చోట్ల ఉంది? తవ్వితే బంగారం. 2023 డిసెంబరు 9న పరిమితిని 5 లక్షల నుంచి 10 లక్షలకు పెంచారు. చప్పట్లు! 2025 సెప్టెంబరులో నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు ఆపేశాయి. బకాయిలు వెయ్యి కోట్లు దాటాయి, ఇక మావల్ల కాదన్నాయి. అమీర్‌పేట కుర్రాడి భాషలో చెప్పాలంటే 837లు వెళ్తున్నాయి, 835లు రావట్లేదు. ఏ ఆసుపత్రికి ఎన్ని రోజులుగా ఎంత బాకీయో ఆ సర్వర్లో పైసలతో సహా ఉంటుంది. నోట్లో నాలుక లేనిది ఖజానాకే.

అయితే మన సర్కారుకు సాఫ్ట్‌వేర్ చేతకాదంటే నేనొప్పుకోను. సమగ్ర వేదిక చూడండి. దాదాపు ముప్ఫై శాఖల రికార్డులు కలిపేసింది. కారు, కరెంటు, ఇల్లు, పన్ను, అన్నీ ఒక్క చోట. అచ్చం అమీర్‌పేటలో బోర్డు మీద గీసే బొమ్మే! మరి దాంతో ఏం చేశారు? రేషన్ కార్డులు కోశారు. దాదాపు 19 లక్షలు. పేరు కలిస్తే చాలు, ఎవరి కారో లక్ష్మమ్మ కారైంది. ఇంటికెళ్లి గుమ్మం ముందు ఏముందో చూసిన పాపాన పోలేదు. 2022లో సుప్రీంకోర్టు కల్పించుకుని, కంప్యూటర్ చెప్పిందని కోసేస్తే ఎట్లా, క్షేత్రస్థాయికి వెళ్లి మళ్లీ చూడండని చెప్పాల్సి వచ్చింది. తెల్లకార్డు పోతే పోయేది బియ్యమే అనుకుంటున్నారా? ఆరోగ్యశ్రీకి టికెట్టు కూడా ఆ కార్డే. అంటే లక్ష్మమ్మకు ఏ జబ్బుందో కలిపి చూసే తెలివి రాలేదు గానీ, లక్ష్మమ్మను జాబితాలోంచి లేపేసే తెలివి మాత్రం రాత్రికి రాత్రే వచ్చింది. ఇవ్వాలంటే సర్వర్ బిజీ. తీసేయాలంటే యమా స్పీడు.

పైన కేంద్రం పద్నాలుగు అంకెల ఆభా ఆరోగ్య ఖాతా నంబరు ఇచ్చింది. 70 కోట్లు దాటాయని మురిసిపోతోంది. మురవనీండి. మరి కాపలా? 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లను ఎవరో బందీ చేస్తే దేశంలో పేరుమోసిన పెద్దాసుపత్రి మళ్లీ పెన్నూ కాగితం పట్టింది. 2023 జూన్‌లో కరోనా టీకా వేయించుకున్నవాళ్ల వివరాలు టెలిగ్రామ్‌లో అడిగినవాడికల్లా దొరికాయి. టీకా పోర్టల్ కోవిన్ భేషుగ్గా ఉందని సర్కారు జవాబు. డేటా రక్షణ చట్టం 2023 ఆగస్టులో పుట్టింది, నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, పూర్తి అమలుకు ఇంకో ఏడాదిన్నర గడువు. తమకు నచ్చిన ప్రభుత్వ సంస్థలకు మినహాయింపు ఇచ్చుకునే వీలు మాత్రం చట్టంలో మొదటి రోజు నుంచే పదిలం. అదే చట్టంతో సమాచార హక్కులో వ్యక్తిగత వివరాల సెక్షన్‌కు బిరడా బిగించారు. మీ సమాచారం వాళ్లు తీసుకోవచ్చు. వాళ్ల సమాచారం మీరడిగితే ప్రైవసీ!

ఇన్ని సర్వేలు, ఇన్ని కార్డులు, ఇన్ని కమాండ్ కంట్రోల్ గోడలు. ఇంతమందిని ఒక్కచోట చేర్చి, రకాల వారీగా విడదీసి, అడిగినవాడికి అడిగినట్టు అందించగలిగిన మొనగాడు ఒక్కడే తేలాడు. 2023 ఏప్రిల్‌లో సైబరాబాద్ పోలీసులు పట్టుకున్నారు. 24 రాష్ట్రాలకు చెందిన 66.9 కోట్ల వ్యక్తుల, సంస్థల వివరాలు అతని దగ్గర దొరికాయట. టెండర్ లేదు. శంకుస్థాపన లేదు. పైలట్ ప్రాజెక్టు లేదు. అధ్యయనం కోసం సింగపూర్ వెళ్లొచ్చిన దాఖలా కూడా లేదు. పట్టుకెళ్లి కటకటాల్లో పెట్టారు. అదే ఏ కన్సల్టెన్సీ కోటేసుకునో వచ్చి ఉంటే, ఈపాటికి సచివాలయంలో పవర్ పాయింట్ చూపిస్తుండేవాడు.