సంతకానికి షాక్ కొట్టదు

ఇంట్లో బల్బు మాడిపోతే మనమే మార్చుకోవచ్చు. ఫ్యాను, ఫీజు, స్విచ్చి కూడా. అంతవరకు మన తెలివితేటల మీద సర్కారుకు నమ్మకం ఉంది. వంటింట్లో మిక్సీకి కొత్తగా ఒక ప్లగ్ పాయింటు లాగించాలంటే మాత్రం నిబంధనల ప్రకారం ముగ్గురు దిగాలి. లైసెన్సున్న కాంట్రాక్టరు ఒకరు, యోగ్యతా పత్రం చేతబట్టుకుని దగ్గరుండి చూసే సూపర్‌వైజరు ఒకరు, పని చేసే పర్మిట్ వైర్‌మన్ ఒకరు. 1956 నాటి విద్యుత్ నిబంధనల్లోనే ఈ ముగ్గురూ ఉన్నారు. 2010లో కొత్త భద్రతా నిబంధనలు రాసినప్పుడు వాళ్లను కదపలేదు. 2023లో వాటిని తిరగరాసినప్పుడూ కదపలేదు. ఎవరి ఇంటికీ రాని మనుషులను ఇన్నేళ్లు కొలువులో ఉంచడం అంత తేలిక కాదు.

మన గుమ్మంలోకి వచ్చేది ఒక్కడే. జేబులో టెస్టరు, మణికట్టుకు టేపు చుట్ట, వైరు తొక్క తీయడానికి పళ్లు. స్టూలు మనమివ్వాలి. మిగతా ఇద్దరేరయ్యా అంటే, "వాళ్లు కాయితంలో వస్తారు సార్" అంటాడు. అబద్ధం కాదు. కొత్త మీటరుకో, అడిషనల్ లోడుకో దరఖాస్తు పెట్టే రోజున వాళ్లు టెస్ట్ రిపోర్టులో ప్రత్యక్షమవుతారు. ముద్ర ఉంటుంది, లైసెన్సు నంబరు ఉంటుంది, కింద సంతకం ఉంటుంది. దాని ధర ఊరిని బట్టి, మన తొందరను బట్టి.

ఆ రిపోర్టు తీరిగ్గా చదవండి. అందులో ఉన్న ఇల్లు మీ ఇంటికంటే చాలా బాగుంటుంది. మెగ్గరు పెట్టి చూశారట, ఇన్సులేషన్ దివ్యంగా ఉందట. ఎర్త్ గుంతలో పైపు, బొగ్గు, ఉప్పు అన్నీ పడ్డాయట. మీ స్థలంలో వెతికితే బోరు దొరుకుతుంది, సెప్టిక్ ట్యాంకు దొరుకుతుంది, అదృష్టం బాగుంటే ఇంకుడు గుంత కూడా దొరుకుతుంది. ఎర్త్ గుంత మాత్రం కనబడదు. స్విచ్‌బోర్డు విప్పితే ఆకుపచ్చ వైరు గోడలోంచి జానెడు బయటికొచ్చి, దేనికీ తగలకుండా వేలాడుతూ ఉంటుంది. అవతలి కొస ఎక్కడుందో వేసినవాడికీ గుర్తులేదు. ఇక ప్లగ్గులో పైనున్న ఆ మూడో రంధ్రం ఎందుకో మన ఇళ్లల్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. రెండు పిన్నుల చార్జరు దూరకపోతే అందులో స్క్రూడ్రైవరు దోపాలి. కింది రెండూ తెరుచుకుంటాయి.

ఆర్‌సీసీబీ అని ఒకటి ఉంటుంది. 30 మిల్లీయాంపుల కరెంటు దారితప్పినా టక్కున సరఫరా ఆపేసి ప్రాణం కాపాడే వస్తువు. వానాకాలం గోడ చెమ్మెక్కగానే అది పదేపదే పడిపోతుంది. ఎక్కడో లీకవుతోంది చూడండి మొర్రో అని దాని గోల. ఇంటాయనకు అర్థమయ్యేది, మ్యాచ్ చివరి ఓవరులో కరెంటు పోయిందని. మనవాడొచ్చి దాన్ని పక్కకు నెట్టి లైను డైరెక్ట్ చేసి పోతాడు, దొంగను చూసి అరిచిన కుక్కను ఊరవతల వదిలొచ్చినట్టు. ఎంసీబీకీ ఇదే వైద్యం. 16 యాంపులది ఆగడం లేదంటే 32 యాంపులది బిగిస్తాడు. వెనకాల వైరు మాత్రం పాతదే. ఎంసీబీ ఆగుతుంది. వైరు కాలుతుంది, కాకపోతే గోడ లోపల కదా, మనకు కనబడదు.

మరి కరెంటు ఆఫీసు ఏం చూస్తుంది? సరఫరా ఇచ్చే ముందు డిస్కం తానే ఇల్లు పరీక్షించవచ్చు, లేదంటే కాంట్రాక్టరు సంతకం చేసిన ఫలితాలను ఒప్పుకోవచ్చు. మొదటి పద్ధతికి మనిషి, బండి, మెగ్గరు, ఒక పూట కావాలి. రెండోదానికి స్టేప్లరు చాలు. ఏఈ గారిని తిట్టి లాభం లేదు. గాలివానకు ఒరిగిన స్తంభాలు, పేలిన ట్రాన్స్‌ఫార్మర్లు, ఫోన్లో ఎమ్మెల్యే గారి మనిషి, వీటి మధ్య ఆయన ఇంటింటికీ తిరిగి ఆకుపచ్చ వైర్లు లాగి చూడాలనడం అన్యాయం. పాత బాకీ ఉందా, ట్రాన్స్‌ఫార్మరు తట్టుకుంటుందా, డిపాజిట్టు, డెవలప్‌మెంట్ చార్జీలు కట్టారా, ఇవి శ్రద్ధగానే చూస్తారు. మీటరు దాకా వాళ్ల పూచీ. అక్కణ్నుంచి దేవుడి పూచీ.

వేగం విషయంలో మాత్రం వంక పెట్టలేం. 2020 నాటి వినియోగదారుల హక్కుల నిబంధనలు మెట్రో నగరాల్లో 7 రోజుల్లో కనెక్షన్ ఇవ్వమన్నాయి. 2024లో దాన్ని 3 రోజులకు కుదించారు. మున్సిపాలిటీల్లో 7, పల్లెల్లో 15. కాకపోతే ఈ లెక్క మొదలయ్యేది దరఖాస్తు అన్ని విధాలా సంపూర్ణమయ్యాక. ఇంటి పన్ను రసీదు తాతగారి పేర, ఆధారు మనవడి పేర ఉన్నంతకాలం మొదటి రోజు తెల్లవారదు. మొదలే కాని గడువు మీరేదెలా?

ఆ కుర్రాడి మీద నాకు కోపం లేదు. మేస్త్రి వెంట తిరిగి పని నేర్చుకున్నాడు, చెయ్యి మంచిదే. పర్మిట్ అనేది ఒకటుందని అతనికి చెప్పినవాళ్లు లేరు. అతన్ని పనిలో పెట్టుకునేటప్పుడు పర్మిట్ ఏదని అడిగినవాళ్లూ లేరు. మనం అడిగేది ఒకటే: "పాయింటుకెంత?" గ్రానైటు రంగు కోసం మూడు ఊళ్లు తిరుగుతాం. గుమ్మానికి టేకు ఎక్కడిదో ఆరా తీస్తాం. ఎర్తింగ్ అనేసరికి "గృహప్రవేశం అయ్యాక చూద్దాంలే" అంటాం. ఇన్వర్టరు, రెండు ఏసీలు, గీజరు వచ్చి చేరతాయి, ఆ చూడ్డం మాత్రం రాదు.

ఈ ఇళ్లల్లో ఎక్కడో ఒకచోట గీజరు దగ్గర మనిషి పడిపోతాడు. అప్పుడు 2003 విద్యుత్ చట్టం 161వ సెక్షన్ నిద్రలేస్తుంది. ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టరు వస్తారు. ఆ ఇంటి వైరుకు మెగ్గరు తగలడం అదే మొదటిసారి. మరునాటి పేపర్లో షార్ట్ సర్క్యూట్ కారణమని వస్తుంది. ఆ ముద్దాయి ఎన్నడూ లాయరును పెట్టుకోలేదు కనుక కేసు త్వరగానే తేలుతుంది. రిపోర్టు మీద సంతకం పెట్టిన కాంట్రాక్టరును పిలిపిస్తే, "ఆ ఇంటి గడప నేనెప్పుడూ తొక్కలేదండీ" అంటాడు. మొత్తం ఫైల్లో నిజం పలికిన వాక్యం అదొక్కటే.